రాయిని కదిలించే ముహూర్తం

మా రోడ్డు మీద దేవుణ్ణి కూర్చోబెట్టింది మేమే. నేలలోంచి తనంతట తాను పుట్టాడనీ, ఎవరి కలలోనో కనబడి చోటు అడిగాడనీ ఇప్పుడు లారీవాళ్ళు చెప్పుకుంటున్నారు. అదంతా ఒట్టి మాట. రాయి అదియమాన్‌కోట్టై వైపు నుంచి చిన్న లారీలో వచ్చింది. గుంట తవ్వినవాళ్ళు, సిమెంటు కలిపినవాళ్ళు, పక్కన నిలబడి అటు వంగింది ఇటు వంగింది అని నోరు పారేసుకున్న నేను, అందరమూ ఇక్కడే ఉన్నాం. కావాలంటే వచ్చి అడగండి.

నా పేరు కమలవేణి. ధర్మపురి ఊళ్ళోంచి సోగత్తూరు వైపు పోయే రోడ్డు మలుపులో మాకు సరుకుల అంగడి ఉంది. మా ఆయన వాసుదేవన్ తాతగారి నాటి నుంచీ ఇదే పప్పు, ఇదే చింతపండు, ఇదే తక్కెడ. ఒకప్పుడు ఆ రోడ్డు మీద బస్సు పోయేది, ఎద్దుబండి పోయేది, మధ్యాహ్నం పూట కుక్క పడుకునేది. నాలుగు వరుసలుగా వెడల్పు చేశారు. అప్పటినుంచి అది రోడ్డు కాదు, కత్తిపీట.

రోడ్డుకి ఇవతల మా అంగళ్ళు. అవతల రేకుల ఇళ్ళ వరస, అక్కడంతా కూలికి పోయేవాళ్ళు. వాళ్ళూ ఇంట్లో తెలుగే, మేమూ ఇంట్లో తెలుగే, గడప దాటితే అందరమూ తమిళమే. అయినా వాళ్ళ గిన్నె మా ఇంటికి వచ్చింది లేదు, మా గిన్నె వాళ్ళింటికి పోయింది లేదు. వాళ్ళలో ధనం ఒక్కతే నాతో చనువుగా ఉండేది. మొగుడు పోయిన మనిషి, కట్టడాల దగ్గర ఇటుకలు మోసి ఇద్దరు పిల్లల్ని పెంచింది. కొడుకు తమిళ్‌సెల్వన్ గోడలకు రంగులు వేసే పనికి పోయేవాడు. కూతురు తిలగవతి ఊళ్ళో బట్టల అంగడిలో పని చేసేది. ఊళ్ళోకి పోయే బస్సు మా వైపు ఆగుతుంది. కాబట్టి వాళ్ళిద్దరూ రోజూ ఈ రోడ్డు దాటాల్సిందే.

దసరా వచ్చే పురట్టాసి నెలలో ఒక సాయంత్రం తమిళ్‌సెల్వన్ సోగత్తూరు వైపు పని నుంచి వచ్చి మా వైపు బస్సు దిగి రోడ్డు దాటుతున్నాడు. వచ్చిన లారీ ఆగలేదు. వాడి చేతులకి అంటిన పచ్చ రంగు ఇంకా ఆరలేదు. ధనం ఏడవలేదు. వాడి పక్కన కూర్చుని ఆ రంగుని కొంగుతో తుడుస్తూనే ఉంది. పోయినవాడు పోయినాడు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అని ఆ రోజే నాకు మనసులో పడింది. ధనానికి ఇంక మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

అర్జీ పెట్టాం. రోడ్ల ఆఫీసులో ఒకాయన, మలుపులో స్పీడ్ బ్రేకర్ వేయకూడదని రూలు ఉందన్నాడు. మలుపులో మనుషులు చావకూడదని రూలు లేదా అని అడిగాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. తర్వాత అందరం పోయి రోడ్డు మీద కూర్చున్నాం. పోలీసులు వచ్చి రెండు ఇనుప అడ్డాలు పెట్టారు. ఎవరో పెద్దమనిషి కార్ల వరస వస్తోందని వాటిని తీసుకుపోయారు. ఆయన వచ్చాడు, పోయాడు. అడ్డాలు మాత్రం మళ్ళీ రాలేదు. మేమే మట్టి పోసి గట్టు వేస్తే దాన్ని జేసీబీ పెట్టి చెక్కి పారేశారు. మనుషుల్ని కాపాడటానికి రాని జేసీబీ మట్టిని చెక్కడానికి ఎంత తొందరగా వచ్చిందో.

అప్పుడు చెప్పాడు లోకనాథన్. ఆయనది మా అంగడి పక్కన పంక్చర్లు వేసే అంగడి. వయసులో ఉండగా లారీ తోలిన మనిషి.

"పోలీసోడికి వాడు భయపడడు. బోర్డు చదవడు. దేవుడు కనపడితే మాత్రం కాలు తానుగా బ్రేకు మీదికి పోతాది. నేను తోలినోణ్ణి, నాకు తెలుసు. వేడియప్పన్ని పెడదాం."

వేడియప్పన్ అంటే మా వైపు పొలిమేర కాచే వేటగాడు. బల్లెం పట్టుకుని నిలబడ్డ మనిషిని రాయి మీద చెక్కి, ఎక్కడ ఏ ప్రాణం పోయిందో అక్కడ నిలబెడతారు. ఈ దారిన పోయే డ్రైవర్లలో ఆయనకు దండం పెట్టనివాడు లేడు. లోకనాథన్ మాట అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. బుద్ధి అంటే ఇదీ, ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఎక్కడిది అనుకున్నాం.

సంక్రాంతికి పుట్టే తై నెలలో రాయిని నిలబెట్టాం, రోడ్డు అవతలి అంచున, సరిగ్గా తమిళ్‌సెల్వన్ పడ్డ చోట, దాటే చోటే. మా వైపు వాళ్ళు ఇసుక, సిమెంటు తెప్పించారు. అవతలి వాళ్ళు పలుగులు, పారలు పట్టుకుని వచ్చారు. మా వీధి ఆడవాళ్ళు పొంగలి వండితే వాళ్ళ ఆడవాళ్ళు వడ్డించారు. ఒకే చాప మీద, మా అంగడి అరుగు మీద, అందరం కలిసి తిన్నాం. మా అత్తగారు బతికి ఉంటే ఆ చాప చూసే గుండె ఆగేది. నాకు మాత్రం కడుపు నిండింది. పెళ్ళై ఇన్నేళ్ళలో ఈ వీధి నాది అనిపించింది ఆ రోజే. ఆ సాయంత్రం ధనం రాయి ముందు మొదటి దీపం పెట్టింది. అప్పటినుంచి ఒక్కరోజు కూడా మానలేదు.

లోకనాథన్ చెప్పినట్టే జరిగింది. లారీలు నెమ్మదించాయి. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో చెంపలు వేసుకునేవాడు. బస్సులు హారన్ ఆపేసి పోయేవి. తై పోయింది, మాసి పోయింది, పంగుని పోయింది. మా మలుపులో ఒక్క ప్రాణం పోలేదు. సోగత్తూరు, నల్లంపల్లి నుంచి కూడా జనం వచ్చి చూసిపోయారు, మీ దేవుడు రొంబ శక్తి ఉండే దేవుడని మెచ్చుకున్నారు. మేమూ మీసాలు దువ్వుకున్నాం. నాకు మీసాలు లేవు గానీ ఉంటే నేనూ దువ్వేదాన్నే.

అక్కడితో ఆగితే బాగుండేది. నెమ్మదించిన లారీ కొన్నాళ్ళకి ఆగడం మొదలుపెట్టింది. డ్రైవరు దిగి కర్పూరం వెలిగించేవాడు. కొత్త బండి కొన్నవాళ్ళు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు. ఒక లారీ వెనక ఇంకో లారీ, దాని వెనక వ్యాను, ఇలా దాటే చోటు పొడుగునా నిలిచిపోయేవి. ఆగిన లారీ వెనక నుంచి దాటే మనిషికి అవతల వచ్చే బండి కనబడదు. వచ్చే బండికి ఈ మనిషి కనబడదు. చిన్నపిల్లకైనా తెలిసే సంగతి. అయినా ఎవరూ నోరెత్తలేదు. ఎందుకెత్తుతారు? టీ అంగడి పెద్దదయ్యింది. పూలమ్మేది ఒకటి వచ్చింది. నా అంగడిలో కర్పూరం చక్కెర కంటే ఎక్కువ పోయింది.

ఎండాకాలం పోయాక ఆని నెలలో ఒక ఉదయం నేను అంగడిలోంచి చూస్తుండగా తిలగవతి ఆగి ఉన్న సిమెంటు లారీ ముందు నుంచి బయటికి అడుగు పెట్టింది. కారు ఒకటి ఆమె పైట అంచు తాకి పోయింది. పిల్ల అక్కడే కూలబడింది. నేను కాటా మీది పప్పు వదిలేసి పరుగెత్తాను. దాన్ని అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తే పళ్ళు గ్లాసుకి కొట్టుకుంటున్నాయి.

"అమ్మకు చెప్పొద్దు పెద్దమ్మా. పనికి పోవద్దంటాది" అంది.

చెప్పకుండా ఉంటానా? ఆ సాయంత్రమే అందర్నీ మా అరుగు మీదికి పిలిచాను.

"రాయిని జరపాల. మలుపు దాటినాక, పంక్చరంగడికి అవతల బీడు ఉండాది కదా, ఆడికి. బండ్లు రోడ్డు దిగి నిలబడతాయి. సామికి సామీ ఉంటాడు, దారికి దారీ ఉంటాది" అన్నాను.

లోకనాథన్ తల అడ్డంగా ఊపాడు. "కూర్చున్న సామిని లేపేది పాపం వదినా. ఆయన వచ్చినాక ఒక చావన్నా ఉండాదా ఈడ? నువ్వే చెప్పు."

"చావు రావాల, అప్పుడు జరుపుతావా? నిలబెట్టేటప్పుడు మనుషుల కోసం నిలబెట్టినాము. ఇప్పుడు మనుషుల్ని దేవుడి కోసం చావుకెదురుగా దాటమంటాండావు."

 మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే ఇంక ఏమీ మాట్లాడడని అర్థం. నేను ధనం వైపు చూశాను. ఆమె పిల్ల ప్రాణం సంగతి, ఆమె నా పక్క నిలబడితే ఎవరూ కాదనలేరు.

"ఆడ నా కొడుకు ఉండాడక్కా" అంది ధనం నెమ్మదిగా. "ఆ రాయిని పెకిలిస్తే వాణ్ణి ఇంకోతూరి ఎత్తుకుపోయినట్టే."

"కొడుకు పోయినాడే. కూతురు ఉండాది. ఉండేదాన్ని చూసుకోవే పిచ్చిదానా" అన్నాను.

అనకూడని మాట. నా నోరు అంతే, ముందు పోతుంది, నేను వెనక పోతాను. ధనం లేచి వెళ్ళిపోయింది. తర్వాత కొన్నాళ్ళు నా అంగడికి రాలేదు, ఉప్పు కూడా ఇంకో చోట కొనుక్కుంది. నేనూ బింకంగా ఉన్నాను. కర్పూరం అమ్మడం మానేశాను. పెద్ద ఘనకార్యమేం కాదు, పక్క అంగడిలో కొనుక్కున్నారు.

ఆ తర్వాత ఒక ఉదయం ధనం తానే కూతుర్ని రోడ్డు దాటించడానికి వచ్చింది. ఆగి ఉన్న లారీ ముందు నుంచి తల బయటికి పెట్టి చూసింది. అవతల బండి దూసుకుపోయింది. ధనం వెనక్కి తగ్గింది. మళ్ళీ చూసింది, మళ్ళీ తగ్గింది. కూతురి మణికట్టు వదల్లేదు. ఎట్లాగో దాటించి బస్సు ఎక్కించాక నేరుగా నా అంగడి ముందుకి వచ్చి నిలబడింది.

"జరిపేద్దామక్కా" అంది. "నా కొడుక్కి నేను యాడైనా దీపం పెట్టుకుంటా. ఆ పిల్ల నాకు కావాల."

కౌగిలించుకోవాలనిపించింది. అంగడి ముందు అందరూ చూస్తారని ఊరుకున్నాను. బెల్లం ముక్క చేతిలో పెట్టాను.

ధనమే అడిగాక ఇంక లోకనాథన్ ఏమంటాడు? "అయితే సామినే అడుగుదాం. పువ్వు అడుగుదాం. ఆయన ఏమంటే అది" అన్నాడు. మాకు అది అలవాటే. పెళ్ళి సంబంధమైనా, బావి తవ్వడమైనా తేల్చుకోలేకపోతే దేవుడి ముందు రెండు పొట్లాలు పెడతారు. ఒకదానిలో తెల్ల పువ్వు, ఒకదానిలో ఎర్ర గన్నేరు. ఏమీ తెలియని పసిబిడ్డ చేత ఒకటి తీయిస్తారు. తెల్లది వస్తే సరే అన్నట్టు. ఎర్రది వస్తే వద్దన్నట్టు.

నల్లంపల్లి నుంచి పూజారి వచ్చాడు. రెండు వైపుల జనమూ రాయి చుట్టూ గుమిగూడారు. ధనం కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. ఒక చిన్నపిల్ల వంగి ఒక పొట్లం తీసింది. పూజారి విప్పాడు. తెల్ల పువ్వు.

ధనం అక్కడే నేల మీద పడి మొక్కింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. మా ఆయన కూడా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. సామి కదులుతానన్నాడు, ఇంక మనుషులు అడ్డం పడటానికి ఏముంది అనుకున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలు ఊరికే అన్నారా?

"సరే. అయితే ఎల్లుండి ఆడి నెల పుట్టతాది" అన్నాడు పూజారి. "ఆడిలో ఇల్లు మారరు, పెళ్ళి చేయరు. సామిని మార్చేదా? అది పోయి ఆవణి నెల పుట్టనీ. మంచి ముహూర్తం చూసి చెప్తాను."

"చావుకు ఆడి, ఆవణి ఉంటాదా సామీ? రేపే జరుపుదాం, ఆడి పుట్టకముందే" అన్నాను.

"రేపు దినం బాలేదు" అన్నాడు.

అందరూ నా మీద పడ్డారు. సామి ఒప్పుకున్నదే గొప్ప, నీ తొందరతో చెడగొట్టొద్దు అన్నారు. ఆడిలో కదిలిస్తే ఊరంతటికీ అరిష్టం అన్నారు. ధనం నా చెయ్యి పట్టుకుంది. "ఒక నెలే కదక్కా. తానే వస్తానన్నాడు. ఇంక ఆ పిల్లను ఆయన చూసుకుంటాడు" అంది. నాకూ ఆడి అంటే భయమే. నా పెళ్ళి కూడా ఆడి పోయేదాకా ఆపినవాళ్ళే మావాళ్ళు. నోరు మూసుకున్నాను.

ఊరికే కూర్చోలేదు. వంతులు వేసుకున్నాం. పొద్దున పనికి పోయేవేళ, సాయంత్రం వచ్చేవేళ మాలో ఒకరు ఎర్రగుడ్డ పట్టుకుని దాటే చోట నిలబడాలి. బండ్లు ఆపి మనుషుల్ని దాటించాలి. మా ఆయన నిలబడ్డాడు, లోకనాథన్ నిలబడ్డాడు, టీ అంగడి ఆయన నిలబడ్డాడు. నేను నిలబడ్డప్పుడు ఎర్రగుడ్డ అక్కర్లేకపోయింది, నా తిట్లకే బండ్లు ఆగేవి. తిలగవతి నవ్వుకుంటూ దాటేది. "ఇంత మంది కాపలా మంత్రిగారికి కూడా లేదు పెద్దమ్మా" అనేది.

ఆడి నెల పద్దెనిమిదో రోజు పండగ వచ్చింది. ఆ రోజు ఊరూరి జనమూ కావేరి స్నానాలకు హొగెనక్కల్ పోతారు. మా రోడ్డంతా వ్యాన్లు, కార్లు. పోయేవాళ్ళందరూ వేడియప్పన్ దగ్గర ఆగి పోవాల్సిందే. మేము రాయి పక్కన పందిరి వేసి రాగి గంజి కాచి పోస్తున్నాం. రెండు వైపుల వాళ్ళమూ అక్కడే ఉన్నాం. ధనం లోటాలు కడుగుతోంది, నేను గరిటె పట్టుకున్నాను. పండగ కదా, ఎవరికీ పని లేదు, దాటేవాళ్ళు ఎవరుంటారని ఆ పూట ఎర్రగుడ్డ ఎవరూ పట్టుకోలేదు.

బట్టల అంగళ్ళకు మాత్రం ఆడి నెలలోనే పని. ఆడి తగ్గింపు అమ్మకాలు, ఆ రోజు సెలవడిగితే ఉద్యోగమే పోతుంది. తిలగవతి కొంచెం ఆలస్యంగా ఇంట్లోంచి బయలుదేరింది. అమ్మ గంజి పందిట్లో ఉందని తనే దాటడానికి వచ్చింది. రాయి ముందు ఒక పెద్ద వ్యాను ఆగి ఉంది, పిల్లాజెల్లా దిగి దండాలు పెట్టుకుంటున్నారు. ఆ వ్యాను ముందు నుంచి పిల్ల అవతలికి అడుగు వేసింది.

చప్పుడు విన్నాం. ధనం చేతిలో లోటా పట్టుకునే లేచింది. ఎవరని ఎవరూ చెప్పకుండానే పరుగెత్తింది. నేను వెనక పరుగెత్తాను. అయ్యో దేవుడా, ఆ తల్లి రెండోసారి ఆ రోడ్డు మీద కూర్చోవడం నా కళ్ళతో చూశాను. ఈసారి తుడవడానికి రంగు కూడా లేదు. ఆసుపత్రి దాకా పోనేలేదు, పిల్ల ఆమె ఒళ్ళోనే పోయింది. గంజి పోయమని చేతులు చాచినవాళ్ళు అలాగే నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత చెప్పడానికి ఏముంది. పోలీసులు వచ్చి కొలతలు తీసుకున్నారు. రాయి జోలికి పోలేదు, దేవుడి మీద కేసు ఎవరు రాస్తారు? నేను పలుగు తీసుకుని పోయాను. మా ఆయన, లోకనాథన్ కలిసి నన్ను పట్టి ఇంటికి లాక్కొచ్చారు. ఆడిలో వద్దన్నారు. పిల్ల చచ్చినాక కూడా ఆడి నెలే ముఖ్యం వాళ్ళకి. నేను వాళ్ళని తిట్టని తిట్టు లేదు. లోకనాథన్ తల వంచుకుని అన్నీ పడ్డాడు. పడి ఏం లాభం.

ఆవణి పుట్టింది. పూజారి ముహూర్తం పెట్టాడు. ఆ రోజు పొద్దున్నే క్రేను వచ్చింది. బీడులో కొత్త దిమ్మె కట్టి సిద్ధంగా ఉంచారు. రెండు వైపుల నుంచీ అందరూ వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. లోకనాథన్ ఇనుప గొలుసు పట్టుకుని రాయి దగ్గరికి పోయాడు, పోయి ఆగిపోయాడు.

ధనం రాయికి వీపు ఆనించి కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"లెయ్యి ధనం. ముహూర్తం పోతాది" అన్నాడు లోకనాథన్.

ఆమె లేవలేదు. నేను ముందుకు పోయి ఆమె పక్కన కూర్చున్నాను. "లెయ్యవే" అన్నాను. "నువ్వు అడిగిందే కదా. సామి ఒప్పుకున్నదే కదా."

"నేను అడిగినది నా పిల్ల కోసం అక్కా. ఇప్పుడు ఎవురి కోసం జరిపేది?"

"ఊళ్ళో ఇంకా పిల్లలు ఉండారు ధనం. రోజూ దాటతాండారు."

ధనం అందరి వైపూ చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండేది, నేను బదులు చెప్పగలిగేదాన్ని.

"నా పిల్ల కోసం ఒక నెల ముందు జరపలేనోళ్ళు, వాళ్ళ పిల్లకాయల కోసం జరుపుకుంటారా? జరుపుకోనీ. ముందు నన్ను ఎత్తి ఆ పక్కన పారేసి జరుపుకోనీ. నాకిప్పుడు ఇద్దరూ ఈడనే ఉండారు. నేను యాడికి పోయేది?"

ఆమెను ఎత్తడానికి ఒక్క చెయ్యి కూడా ముందుకు రాలేదు. నా చెయ్యీ రాలేదు. పూజారి ఎండ వైపు చూసి, ముహూర్తం దాటిపోయిందని మెల్లగా అన్నాడు. లోకనాథన్ గొలుసు చుట్టి క్రేను మీద పెట్టాడు. క్రేను వచ్చిన దారినే పోయింది. జనం ఒక్కొక్కరే అటు కొందరు, ఇటు కొందరు ఇళ్ళకు పోయారు.

నేను ధనం పక్కనే కూర్చున్నాను. కాసేపటికి హోసూరు వైపు నుంచి వచ్చిన ఒక లారీ నెమ్మదించి మా ముందు ఆగింది. ఏమీ తెలియని డ్రైవరు, కుర్రవాడు. దిగి కర్పూరం వెలిగించాడు, రాయికి మొక్కాడు. అదే చేతులతో, కళ్ళు మూసుకుని, రాయికి ఆనుకుని కూర్చున్న ధనానికి కూడా మొక్కాడు. ఆమె కదల్లేదు. లారీ అవతల రోడ్డు మీద ఎవరైనా దాటుతున్నారేమో నాకు కనబడలేదు. "ఆగండి, ఆగండి" అని అరిచాను. ఎవరికి అరిచానో నాకే తెలియదు.